ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదు: బయటి కాయిల్ చెప్పే అసలు సంగతి

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ పరిసరాల్లోనే ఉక్కు కర్మాగారం, టాటానగర్ రైల్వే జంక్షన్ ఉన్నాయి. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే గూడ్సు రైళ్లు నిత్యం తిరుగుతుంటాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఇలాంటి చోట ఏసీ చల్లదనం తగ్గిందంటే ముందుగా వినిపించే మాట: “గ్యాస్ అయిపోయింది, నింపాలి.”

నిజానికి ఆ గ్యాస్ ఇంధనం కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఆవిరవుతూ, ద్రవమవుతూ తిరుగుతుందే తప్ప ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. చాలాసార్లు గ్యాస్ తగ్గనే తగ్గదు. బయటి కాయిల్‌కు దుమ్ము పట్టి ఉంటుంది, అంతే.

వేడి ఎక్కడికి పోతుంది?

టన్నున్నర ఏసీ గది నుంచి సుమారు 5.3 కిలోవాట్ల వేడిని తోడుతుంది. దానికి కంప్రెసర్ వాడిన విద్యుత్తు కూడా తోడై, మొత్తం వేడి కండెన్సర్ కాయిల్ ద్వారానే బయటికి పోవాలి. అందుకే గొట్టాలకు పల్చని అల్యూమినియం రేకులు తొడుగుతారు. గాలికి తగిలే వైశాల్యాన్ని అవి ఎన్నో రెట్లు పెంచుతాయి.

రేకుల సందులు దుమ్ముతో పూడుకుంటే గాలి ఆడదు, కాయిల్ మరింత వేడెక్కుతుంది. లోపలి కాయిల్ 10 డిగ్రీల వద్ద, బయటిది 45 వద్ద ఉంటే తేడా 35 డిగ్రీలు. బయటిది 55కి చేరితే తేడా 45. లోపలి ఉష్ణోగ్రత మారనప్పుడు, ఆదర్శ యంత్రానికి అంతే వేడిని తోడడానికి కావలసిన శక్తి ఈ తేడాను బట్టి పెరుగుతుంది. అంటే సుమారు 29 శాతం ఎక్కువ. ఆ భారం కరెంటు బిల్లు మీదా, కంప్రెసర్ మీదా పడుతుంది.

దుమ్ముతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది తేమను పట్టి ఉంచుతుంది. బొగ్గు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ ఆ తేమలో కరిగి ఆమ్లమవుతుంది. రాగి గొట్టం, అల్యూమినియం రేకు తడిలో కలిసి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం త్వరగా తినేసినట్లవుతుంది.

కడగాలా, మార్చాలా?

మెయిన్ స్విచ్ ఆపాక, మామూలు ధారతో లోపలి నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ పంపు కొడితే రేకులు వంగిపోతాయి. ఆమ్ల ద్రావణాలు అల్యూమినియాన్ని తింటాయి.

కడిగినా చల్లదనం రాకపోతే లీకు వెతకాలి. నత్రజనితో పీడనం పెంచి, అతుకుల మీద సబ్బు నురగ రాస్తే కారే చోట బుడగలు వస్తాయి. ఆక్సిజన్ మాత్రం ఎన్నడూ వాడకూడదు. కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుడు జరగవచ్చు. అతుకు దగ్గర ఒకే చిల్లు ఉంటే అతికించవచ్చు. రేకులు పొడిపొడిగా రాలుతూ, గొట్టం పలుచోట్ల తినేసి ఉంటే కాయిల్ మార్చడమే మేలు. ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే స్వభావం ఉంది. కాబట్టి మంట వెలిగించే ముందే గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసుకోవాలి. కొత్త కాయిల్ బిగించాక వాక్యూమ్ పంపుతో గాలి, తేమ తీసేసి, ఏసీ మీద రాసి ఉన్న బరువు ప్రకారమే గ్యాస్ తూచి నింపాలి.

లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపితే ఆ గ్యాసంతా గాలిలోకే పోతుంది. వందేళ్ల లెక్కన కిలో ఆర్-410ఎ సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది; ఆర్-32 అయితే సుమారు 675 కిలోలతో సమానం. అందుకే “గ్యాస్ నింపాలి” అన్న మెకానిక్‌ను ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “లీకు ఎక్కడుంది?”