పసిడి గిరాకీకి రెండు పంచాంగాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లలో బంగారం బేరం తిథిని బట్టి నడుస్తుందని బయటి మార్కెట్ల వారి అభిప్రాయం. తిథికి విలువ ఉన్న మాట నిజమే. కాని ఆ తిథి నాటికి వడ్ల పైకం రైతు చేతికి వచ్చిందా లేదా అన్నదానిపైనే ఇక్కడి దుకాణాల గల్లా ఆధారపడి ఉన్నది. పంచాంగాన్ని మాత్రమే చూసి సరుకు తెప్పించుకునే వర్తకుడికి ఇది ఎంత ముఖ్యమో 2024వ సంవత్సరం తేల్చి చెప్పింది.

ఆ ఏడు అక్షయ తృతీయ మే 10న, శుక్రవారం నాడు వచ్చింది. తృతీయకు శుక్రవారం తోడైతే వ్యాపారికి అంతకన్న ఏం కావాలి? అయితే ఏప్రిల్ ఆఖరులోనే శుక్ర మౌఢ్యం, మే మొదటి వారంలో గురు మౌఢ్యం ప్రవేశించాయి. గురు మౌఢ్యం జూన్ మొదట్లో వీడినా శుక్ర మౌఢ్యం జూలై దాకా సాగింది. ఆ వెంటనే ఆషాఢం. ఆ విధంగా పెండ్లి ముహూర్తాలు శ్రావణానికి జరిగిపోయాయి. అది చాలదన్నట్లు, 2023 వానాకాలంలో కృష్ణకు వరద రాకపోవడంతో సాగర్ నిండలేదు. యాసంగిలో ఎడమ కాల్వ కింద వరికి నీరు అందలేదు. తులం మేలిమి 73 వేల రూపాయల దరిన ఉన్నది. తిథి ఉన్నది, ముహూర్తం లేదు, పైకం లేదు. ఇటువంటప్పుడు శకునానికి గ్రాము, రెండు గ్రాముల బిళ్లలు అమ్ముడుపోవచ్చును గాని పుస్తెలతాళ్లు, హారాలు కదలవు.

పండుగకని తెచ్చిన సరుకును శ్రావణం దాకా అట్టిపెట్టుకున్నవారికి జూలై 23న మరో దెబ్బ తగిలింది. ఆనాటి కేంద్ర బడ్జెటులో బంగారం దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. వారం తిరగకముందే తులానికి 4 వేలకు మించి ధర జారింది. శ్రావణంలో పెండ్లి పెట్టుకున్నవారికి మౌఢ్యం మేలే చేసిందన్న మాట. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుతో సరుకు నింపుకున్న వర్తకుడికి మాత్రం వడ్డీ ఒకవైపు, ధర తరుగు మరొకవైపు.

శాస్త్రం మాట చూస్తే, వైశాఖ శుద్ధ తదియకు చెప్పినది ముఖ్యంగా దానం. నీటి కుండ, విసనకర్ర, గొడుగు వంటివి ఇమ్మన్నారు. సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనం, చందనోత్సవం ఆనాడే. ఆ తిథినాడు ఏది చేసినా క్షయం కాదన్న మాటను పట్టుకుని నగల కంపెనీల ప్రకటనలు దానిని కొనుగోలు తిథిగా మార్చాయి. ఇమ్మన్న రోజు కొనే రోజయింది. వర్తకానికి ఇందులో ఫిర్యాదు లేదనుకోండి.

ఉగాది, అక్షయ తృతీయ, విజయదశమి, సగంగా బలిపాడ్యమి కలిపి మూడున్నర ముహూర్తాలుగా చెప్పుకోవడం మరాఠీల నుంచి వచ్చింది. గురువారం పుష్యమి కలిసిన రోజును కోరుకునేవారు కొందరున్నారు. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి లక్ష్మీరూపు కొనడం మన ఆడవారి పాత అలవాటు. అది చిన్న బేరమే అయినా ధరతో నిమిత్తం లేనిది. దసరాకు ఈ ప్రాంతంలో చేతిలో పెట్టుకునే బంగారం జమ్మి ఆకు. అప్పటికి వానాకాలం వరి ఇంకా పొలంలోనే ఉంటుంది గనుక ఆ బంగారమే సరసమైనది! ధన త్రయోదశి సంగతీ అంతే. 2025లో అది అక్టోబరు 18న వచ్చింది. సాగర్ కాల్వ కింద కోతలు ముమ్మరం కాని సమయం. ఆ బేరం ఉద్యోగులది, వర్తకులది, రైతుది కాదు.

1967 ఆగస్టులో సాగర్ కాల్వలకు నీరు వదిలిన తరువాతనే ఈ బజార్ల ముఖం మారింది. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. వానాకాలం వడ్ల పైకం కార్తీక, మార్గశిరాల్లోను, యాసంగి పైకం చైత్ర, వైశాఖాల్లోను దిగుతుంది. రెండూ పెండ్లి మాసాలకు ఆనుకుని ఉండడమే ఇక్కడి పసిడి వ్యాపారానికి అసలు పెట్టుబడి. అయినా మౌఢ్యం అడ్డుపడితే ఆ లెక్క తప్పుతుంది. 2025 నవంబరు ఆఖరు నుంచి 2026 ఫిబ్రవరి నడుమ దాకా శుక్ర మౌఢ్యం ఉండడంతో వానాకాలం పైకం వచ్చినా పెండ్లి కొనుగోళ్లు మాఘం తరువాతికి జరిగాయి.

వడ్లకు, బంగారానికి మధ్య మారకం ఎట్లా మారిందో చూడండి. 2024 అక్షయ తృతీయ నాడు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు. తులానికి 33 క్వింటాళ్లు. 2025 ఏప్రిల్ 30న ధర 98 వేలకు చేరువైంది. మద్దతు ధర 2,320. తులానికి 42 క్వింటాళ్లు. అదే ఏడు ధన త్రయోదశికి ధర లక్షా 30 వేల దరి, మద్దతు ధర 2,389. తులానికి 54 క్వింటాళ్లు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండినా రెండెకరాల పంట పెట్టినా తులం రాదు. పెట్టుబడి తీసిన మిగులుతో లెక్క వేస్తే చెప్పనక్కరలేదు. నాలుగు తులాలు పెట్టాలనుకున్న ఇంట రెండు తులాలు, పాత నగ మార్పిడి అన్న మాట వినవస్తున్నదంటే అందుకే.

కోదాడలో మరొక చిక్కున్నది. సూర్యాపేట వైపు నుంచి వచ్చినవారు తులాల్లో అడుగుతారు, జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చినవారు కాసుల్లో అడుగుతారు. కాసంటే 8 గ్రాములు. తులం పూర్వం 11.66 గ్రాములు, ఇప్పుడు బేరంలో 10 గ్రాములే. పెద్దవారు పాత తులం మనసులో పెట్టుకుని మాట్లాడితే బిల్లు దగ్గర మాట పెరుగుతుంది. ముందే గ్రాముల్లో చెప్పడం ఇద్దరికీ క్షేమం.

జ్యేష్ఠ, ఆషాఢాల్లో బేరం తిరగబడుతుంది. నారుమళ్లకు, విత్తనానికి, ఎరువుల దుకాణంలో పాత ఉద్దెర తీర్చడానికి వైశాఖంలో కొన్న నగే తాకట్టుకు పోతుంది. ఆషాఢంలో అమ్మకాల పుస్తకం పలచబడితే కుదువ పుస్తకం బరువెక్కుతుంది.

2026, పరాభవ నామ సంవత్సరం లెక్క ఈ రెండు పంచాంగాలనూ పక్కపక్కన పెట్టి చూడదగినది. అక్షయ తృతీయ తిథి ఏప్రిల్ 19 పగలు మొదలై 20 ఉదయంతో ముగుస్తుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెండ్లిళ్లుండవు. నిజ జ్యేష్ఠంలో ముహూర్తాలున్నా అప్పటికి పైకం దుక్కికి, నారుకు మళ్లుతుంది. జూలై నడుమ ఆషాఢంతో పాటు గురు మౌఢ్యం. ముహూర్తం, యాసంగి పైకం రెండూ కలిసే కాలం ఏప్రిల్ 18 నుంచి మే 16 వరకు, నాలుగు వారాలే. పుస్తెలతాడు, హారాల ఆర్డర్లు కంసాలికి ఉగాది నాటికే అందితే తప్ప ఆ నాలుగు వారాల్లో సరుకు అందదు.