అక్రిలిక్ పెయింట్ ఎందుకు పగులుతుంది? అక్క పెళ్లి కుండలు నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్‌లో యాప్‌లు లేవు, సెట్టింగ్స్ లేవు. నా చేతిలో ఉన్నది ఒక కుండ పెంకు. దీని మీద తెల్ల పెయింట్ చూడండి, ఎండిపోయిన చెరువులా నెర్రెలు పడింది కదా. "అన్నా, నా పెయింట్ పగిలిపోయింది, డూప్లికేట్ వచ్చిందా?" అని చాలామంది అడుగుతున్నారు. చాలాసార్లు తప్పు పెయింట్‌ది కాదు. ఈ మాట నేను దెబ్బ తిని చెప్తున్నా.

మా అక్క పెళ్లికి ఐరేని కుండలు నేనే రంగులేస్తా అని మాటిచ్చాను. మామూలుగా అవి కుమ్మరి వాళ్ల ఇంటి నుంచే రంగులతో వస్తాయి. అక్క మాత్రం "ఈసారి నా తమ్ముడు వేస్తాడు" అని అందరికీ చెప్పేసింది. పెళ్లికి ఇంకా ఎనిమిది రోజులుంది. అయిదు కుండలు తెచ్చాం. మట్టి పెయింట్‌ని పీల్చేస్తుందని ముందుగా చెక్కపనికి వాడే తెల్ల జిగురు పూశాను. అరగంట ఆగి, అది కొంచెం బంకగా ఉండగానే, పైన తెల్ల అక్రిలిక్ మందంగా పట్టించాను. తొందరగా ఆరాలని డాబా మీద ఎండలో పెట్టాను. మే నెల ఎండ!

సాయంత్రం వెళ్లి చూస్తే అయిదూ పగిలిపోయి ఉన్నాయి. కుండలు కాదు, పెయింట్. మా అమ్మ చూసి, "ఏందిరా ఇది, పెళ్లి కుండలా, ఎండిన చెరువా?" అంది. నేను కంగారులో ఇంకో చెత్త పని చేశాను. పగుళ్లు కనబడకుండా పైన ఇంకో మందపాటి కోటు వేశాను. పొద్దున లేచేసరికి అదీ పగిలింది.

అప్పుడు ఆఫీస్‌లో చేసే పనే ఇంట్లో చేశాను. బగ్ దొరకనప్పుడు అన్నీ ఒకేసారి మార్చం, ఒక్కొక్కటే మార్చి చూస్తాం. పాత కుండ పగలగొట్టి నాలుగు పెంకులు తీసుకున్నా. ఒకటి, తడి జిగురు మీద పల్చటి పెయింట్, నీడలో. రెండు, పూర్తిగా ఆరిన జిగురు మీద పల్చటి పెయింట్, నీడలో. మూడు, జిగురు లేకుండా మందపాటి పెయింట్, ఎండలో. నాలుగు, జిగురు లేకుండా పల్చటి పెయింట్, నీడలో. మొదటిది ఘోరంగా పగిలింది. మూడోదానికి సన్న గీతలొచ్చాయి. మిగతా రెండూ బాగున్నాయి.

ఎందుకంటే, అక్రిలిక్‌లో ఉండేది రంగు పొడి, నీళ్లు, ఆ నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఆ రేణువులు దగ్గరికొచ్చి, ఒకదానికొకటి అతుక్కుని ఒక పొరలా మారతాయి. ఎండలో మందంగా వేస్తే పైభాగం ముందే గట్టిపడుతుంది, లోపల ఇంకా తడే ఉంటుంది. తర్వాత లోపలిది ఆరి కుంచించుకుంటుంటే పైపొర సాగలేక తెగుతుంది. కింద తడి జిగురుంటే మరీ ఘోరం, జిగురు కదులుతుంటే పైన పెయింట్ ముక్కలవుతుంది. నవ్వొచ్చే విషయం ఏంటంటే, పాతకాలపు లుక్ కోసం కావాలని పగుళ్లు తెప్పించే క్రాకిల్ టెక్నిక్ కూడా ఇదే. నేను తెలియకుండానే క్రాకిల్ ఆర్టిస్ట్ అయిపోయాను!

మరి మీ దాంట్లో ఏం జరిగిందో ఎలా పట్టుకోవాలి? మూడు గుర్తులు చూడండి.

చెరువు నెర్రెల్లా పగిలి, ముక్కలు గట్టిగా అతుక్కునే ఉంటే, మందపాటి కోటు, ఎండ, దగ్గరగా పెట్టిన హెయిర్ డ్రయ్యర్, లేదా ఆరని కింది పొర కారణం.

పెచ్చులుగా లేస్తుంటే పట్టు లేదన్నమాట. గాజు సీసా, స్టీలు, నూనె చేతులు తగిలిన చోట, ఎనామిల్ పెయింట్ మీద ఇది ఎక్కువ. టేప్ అతికించి లాగండి, పెయింట్ టేప్‌తో వచ్చేస్తే ఇదే కేసు.

మొక్కల కుండీ మీద బుడగలొచ్చి తర్వాత పగిలితే, లోపలి తడి మట్టిలోంచి బయటికి తోస్తోంది. అలాంటి దానికి బయటే కాదు, లోపల కూడా నీళ్లు ఆపే కోటింగ్ ఉండాలి.

అమెరికాలో చలికాలం గ్యారేజ్‌లో పెయింట్ వేసేవాళ్లకి ఇంకో మాట. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఆ రేణువులు సరిగ్గా అతుక్కోవు. ఇంట్లోకి తెచ్చి వేసుకోండి.

ఇక రిపేర్. సన్న గీతలే ఉండి, టేప్‌కి పెయింట్ రాకపోతే, పూర్తిగా ఆరాక 220 నంబర్ గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, దుమ్ము తుడిచి, పల్చటి కోటు వేయండి. పెచ్చులు లేస్తుంటే మాత్రం పైన కప్పొద్దు, గీకేయాల్సిందే. నేనూ అదే చేశాను. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే జిగురు మెత్తబడి, పెయింట్ తోలులా ఊడొచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రెండు రోజులు గాలి తగిలే నీడలో ఆరబెట్టాను. తర్వాత ప్రైమర్ ఒక కోటు. అది బాగా ఆరాక పల్చగా మూడు కోట్లు, ప్రతిదాని మధ్య గంట గ్యాప్. డిజైన్ వేశాక ఒక రోజంతా ఆగి వార్నిష్.

నాలుగు కుండలు పెళ్లి పందిట్లోకి బాగానే వెళ్లాయి. అయిదోది గీకేటప్పుడు నా చేతిలోనే పగిలింది, ఈసారి నిజంగా కుండే. కుమ్మరి తాత దగ్గరికి పరిగెత్తితే, ఆయన రంగులేసిన కుండ ఒకటి చేతిలో పెట్టి, "తొందర పడితే మట్టి ఊకోదు బిడ్డా" అన్నాడు. ఫొటోల్లో నా నాలుగు పక్కన ఆయన కుండ ఏదో ఇట్టే తెలిసిపోతుంది. అన్నిటికంటే బాగున్నది అదే!

కాబట్టి గుర్తుంచుకోండి, పగులు పైన కనబడుతుంది, కారణం మాత్రం ఎక్కువగా కింద ఉంటుంది. పైన ఇంకో కోటు వేసే ముందు కింద ఏముందో చూడండి.