పక్కింటివారి చెట్టు మన ఇంటిమీదికి ఒరిగితే

కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కూలిన చెట్లకు లెక్కలేదు. అయితే వేళ్లు కుళ్లిన చెట్టుకు తుఫానే రానక్కరలేదు, మామూలు గాలివాన చాలు. చెట్టు మనదైతే కొట్టించుకుంటాం. పక్కింటివారిదైతే, అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకుంటాం. ఈ మొహమాటమే ప్రమాదాన్ని నెత్తిమీదికి తెస్తుందని మేము అనుకుంటున్నాం.

ముందు చెట్టును బాగా చూడండి. మొదట్లో నేల పగిలి పైకి లేచిందా? మాను బోలుగా ఉందా? మొదలు చుట్టూ పుట్టగొడుగులు వచ్చాయా? కొత్తగా ఒక పక్కకు ఒరిగిందా? కొబ్బరిచెట్టయితే మొవ్వు ఎండిందా, ఎర్రముక్కు పురుగు తొలిచిన రంధ్రాలనుండి జిగురు కారుతున్నదా? మునగచెట్టు సంగతి అందరికీ తెలిసిందే. పచ్చికొమ్మ కూడా పుటుక్కున విరుగుతుంది. పిల్లలను ఎక్కనివ్వకండి.

ఆ తరువాత పొరుగువారితో మాట్లాడండి. వీధిలో కేకలు వేస్తే మాట పెరుగుతుంది. "అన్నయ్యగారూ, ఒకసారి మా దొడ్లోకి వచ్చి చూడండి" అని పిలిచి చూపించండి. వారి వైపునుండి ఆ ఒంపు కనబడకపోవచ్చు. కూలి ఖర్చులో కొంత మేము పెట్టుకుంటామంటే సగం తగవు అక్కడే తీరుతుంది. కొత్త ఇల్లు కట్టినవారు పైనుండి ఎవరూ పడకుండా పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉంది. చెట్టు గలవారికీ ఆ బాధ్యత ఉన్నదని మా అభిప్రాయం. అయితే వారి గుమ్మంలో నిలబడి ఆ వచనం చదివి వినిపించడం మాత్రం మంచిది కాదు!

వినకపోతే తేదీ వేసి ఉత్తరం ఇవ్వండి. నకలు, ఫోటో దాచుకోండి. రేపు గోడ కూలితే, ముందే చెప్పామనడానికి అవే ఆధారం. పంచాయతీకి లేదా మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. మనుషులమీద పడేలా ఉన్న చెట్టును తీసివేయమని లేక ఊతం పెట్టమని ఆదేశించే అధికారం ఆర్.డి.ఓ.గారికి ఉంది. పూర్వం ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను.

కోపంతో మొదట్లో యాసిడ్ పోసేవారున్నారు. చచ్చిన చెట్టే ముందు కూలుతుంది, అదీ మన ఇంటిమీదనే. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే మీరు ముట్టుకోకుండా లైన్‌మన్‌ను పిలవండి.

ఇంత జాగ్రత్తపడినా కొమ్మో, కాయో తలమీద పడితే? లేచి నడిచాడు కదా అని ఊరుకోవద్దు. బయట రక్తం కనబడకపోయినా లోపల రక్తస్రావమై, కొన్ని గంటల తరువాత మెదడును నొక్కవచ్చు. వాంతులు, మగత, మాట తడబాటు, ఎక్కువయ్యే తలనొప్పి, ఫిట్స్, చెవినుండి గాని ముక్కునుండి గాని రక్తమో నీరో కారడం కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివారికి నీళ్లు, కాఫీ పట్టవద్దు. మెడ నొప్పి అంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. ఏమీ లేనట్టున్నా మొదటి 24 గంటలు ఒకరు పక్కనే ఉండి కనిపెట్టాలి. అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగకండి.