హంతకుడెవరో ముందే తెలుసు... అయినా కదలనివ్వడు!

24 ఏళ్ల కుర్రాడు 1971లో తీసిన ఒక టీవీ ఎపిసోడ్, పలాస, టెక్కలి, ఉద్దానంలో షార్ట్ ఫిల్ములు తీస్తున్నవాళ్లకు ఇవాళ్టికీ పనికొచ్చే పాఠం.

రోడ్డు మీద ఒక కారు వెళ్తోంది. ఇంజిన్ చప్పుడు లేదు, హారన్ లేదు. వినిపించేదల్లా టైప్‌రైటర్ టకటకలే. కాసేపటికి ఆ చప్పుడు ఎక్కడిదో తెలుస్తుంది. ఎత్తయిన భవనంలోని ఆఫీసు గదిలో ఒక రచయిత డిటెక్టివ్ నవల టైపు చేసుకుంటున్నాడు. కారులో వస్తున్నది అతని భాగస్వామి. పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి గానీ, రాసేది ఒక్కడే. రెండోవాడి పని ప్రచారం, పార్టీలు, ఇంటర్వ్యూలు. రాసేవాడు ఇక విడిపోతానన్నాడు. అందుకే రెండోవాడు చంపడానికి బయల్దేరాడు.

అది 1971 సెప్టెంబరు 15న అమెరికాలోని ఎన్‌బీసీ ఛానెల్లో వచ్చిన ‘కొలంబో’ సీరియల్ తొలి సీజన్ మొదటి ఎపిసోడ్. పేరు ‘మర్డర్ బై ద బుక్’. రాసింది స్టీవెన్ బోచ్‌కో. తీసింది స్టీవెన్ స్పీల్‌బర్గ్. ‘జాస్’, ‘జురాసిక్ పార్క్’ ఇంకా రాలేదు. అప్పటికి ఆయన స్టూడియోలో జీతానికి పనిచేసే కుర్ర డైరెక్టరు, అంతే.

దాచాల్సింది హంతకుణ్ణి కాదు

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ ఏం కనిపెడతాడా అని చివరి పేజీ దాకా చదివిన తరాలు మనవి. ‘కొలంబో’ దానికి పూర్తిగా తిరగేసిన లెక్క. సీరియల్‌ని సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ హత్యను ముందే చూపించేస్తారు. ఆ తర్వాత నలిగిన రెయిన్‌కోటు వేసుకుని, చుట్ట పట్టుకుని, పనికిమాలినవిగా కనిపించే ప్రశ్నలడుగుతూ లెఫ్టినెంట్ కొలంబో వస్తాడు. ఆ పాత్రకు దస్తయేవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లోని పోలీసు అధికారి పొర్ఫీరీ స్ఫూర్తి అని సృష్టికర్తలే చెప్పుకున్నారు. హంతకుడు దొరుకుతాడని మనకు తెలుసు. ఎలా దొరుకుతాడన్నదే మిగిలిన కథ.

ఈ ఎపిసోడ్‌లో హత్యకు ఆయువుపట్టు ఒక ఫోన్ కాల్. హంతకుడు స్నేహితుణ్ణి మాయమాటలతో ఊరికి దూరంగా ఉన్న తన విడిది ఇంటికి తీసుకుపోతాడు. “ఆఫీసులోనే ఉన్నాను, పని ఉంది, ఆలస్యమవుతుంది” అని భార్యకు ఫోన్ చేయమంటాడు. ఆమె వింటుండగానే తుపాకి పేలుతుంది. భర్తను ఆఫీసులోనే కాల్చేశారని ఆమె పోలీసులకు చెబుతుంది. ఆ సమయానికి హంతకుడు ఎంతో దూరంలో ఉన్నాడు కాబట్టి అతని మీద అనుమానమే రాదు. అంటే సాక్ష్యం చెప్పింది కళ్లు కాదు, చెవులు. టైప్‌రైటర్ చప్పుడుతో మన చెవుల్ని ముందే పట్టేసిన దర్శకుడు, అదే చెవుల్ని నమ్మి ఒక మనిషి ఎలా మోసపోతుందో చూపించాడు. మొదటి షాట్‌కీ హత్యకీ ముడి అక్కడ పడింది.

కొలంబో పట్టుకునే మొదటి తీగ కూడా చిన్నదే. స్నేహితుడి శవం తన ఇంటి ముందే పడి ఉంటే, ఆ పెద్దమనిషి తాపీగా ఆ రోజు వచ్చిన ఉత్తరాలు విప్పి చూసుకున్నాడు. కంగారుపడ్డవాడు ఆ పని చేస్తాడా? చివరికి చిక్కేది కూడా రాతలోనే. ఈ హత్య పథకం మొత్తం చనిపోయిన రచయిత దాచుకున్న కాగితాల్లో దొరుకుతుంది. ఎప్పుడో హంతకుడే చెప్పిన ఆలోచన అది. జీవితంలో తనకు తట్టిన మంచి కథ అదొక్కటేనని అతనే ఒప్పుకుంటాడు.

కుర్రాడు ఎక్కడ నేర్చుకున్నాడు?

స్పీల్‌బర్గ్ 1968లో ‘యాంబ్లిన్’ అనే 26 నిమిషాల చిన్న సినిమా తీశాడు. అందులో మాటల్లేవు. అది చూసి యూనివర్సల్ స్టూడియో అధికారి సిడ్నీ షైన్‌బర్గ్ ఏడేళ్ల ఒప్పందం ఇచ్చారు. మరుసటి ఏడాది, 22 ఏళ్ల వయసులో, ‘నైట్ గ్యాలరీ’ కోసం జోన్ క్రాఫర్డ్ లాంటి పెద్ద తారను డైరెక్ట్ చేశాడు. తర్వాత డాక్టర్ల సీరియళ్లు, లాయర్ల సీరియళ్లు. టీవీలో డబ్బు తక్కువ, గడువు ఇంకా తక్కువ. కథ మార్చే అధికారం లేదు. డైరెక్టరు చేతిలో మిగిలేది కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ చప్పుడు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదే. ‘కొలంబో’కి కెమెరా పట్టింది ‘స్పార్టకస్’కి ఆస్కార్ అందుకున్న రస్సెల్ మెటీ. కుర్రాడి పక్కన అంతటి పెద్ద చెయ్యి ఉండటం కూడా కలిసొచ్చింది.

ఈ ఎపిసోడ్ వచ్చిన దాదాపు రెండు నెలలకు, నవంబరు 13న, స్పీల్‌బర్గ్ టీవీ సినిమా ‘డ్యూయల్’ వచ్చింది. ఒక కారును లారీ వెంటాడుతుంది. లారీ డ్రైవరు ముఖం చివరిదాకా కనిపించదు. ఒకచోట హంతకుణ్ణి మొదటే చూపించి కూర్చోబెట్టాడు, ఇంకోచోట అసలు చూపించకుండానే వణికించాడు.

టీవీ డిటెక్టివ్ కథతో చెయ్యి తిప్పుకుని పెద్ద తెరకు వెళ్లిన ఉదాహరణ మన దగ్గరా ఉంది. 1985లో దూరదర్శన్‌లో క్యారెట్ నములుతూ వచ్చిన డిటెక్టివ్ ‘కరమ్‌చంద్’ని తీసిన పంకజ్ పరాశర్, తర్వాత నాలుగేళ్లకే శ్రీదేవితో ‘చాల్‌బాజ్’ తీశాడు.

పలాసలో కథలకేం కరువు?

2020 మార్చి 6న విడుదలైన ‘పలాస 1978’ దర్శకుడు కరుణ కుమార్‌కి తొలి సినిమా. జీడి కార్మికుల బతుకు, కులం, రాజకీయం, పగ అన్నీ శ్రీకాకుళం యాసలో తెర మీదికొచ్చాయి. విడుదలైన కొద్ది రోజులకే కరోనాతో థియేటర్లు మూతపడ్డా, ఓటీటీలో జనం వెతుక్కుని చూశారు. మన నేల కథ మన మాటలో చెబితే చూస్తారని అది తేల్చేసింది.

కాశీబుగ్గలో, టెక్కలిలో ఇప్పుడు ఫోన్‌తోనే షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లున్నారు. చాలామంది డ్రోన్ షాట్‌తో మొదలుపెడతారు. కొబ్బరితోటలు, సముద్రం, వెనక ఎక్కడినుంచో తెచ్చిన మ్యూజిక్. అవేవీ లేకుండా ఇలా ఆలోచించి చూడండి. కవిటిలో ఒక ఇల్లాలు జీడిపిక్కలు కొడుతోంది. గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోన్ చేశాడు. “ఏటి చేస్తున్నావు?” అంది. “రూములోనే ఉన్నాను” అన్నాడు. అతని గొంతు వెనక సన్నగా, రైలు పలాస స్టేషన్‌కి వస్తోందన్న తెలుగు అనౌన్స్‌మెంట్. పిక్కల చప్పుడు ఆగిపోతుంది. ఐదు నిమిషాల సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి? ఖర్చు రెండు ఫోన్లు, ఒక ఇల్లు.

ఇక ముఖం కనబడని విలన్ ఉద్దానంలో ఎప్పటినుంచో ఉన్నాడు. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇంటింటినీ కుంగదీస్తోంది. నీళ్లా, నేలా, ఎండలో చాకిరీయా, ఇవన్నీ కలిసా? ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. నమూనాలు పట్టుకుని ఊరూరూ తిరిగే డాక్టరు చేసేది కూడా దర్యాప్తే. ఆ దర్యాప్తును, బాధితుల పరువు తియ్యకుండా, కన్నీళ్ల మ్యూజిక్ పెట్టకుండా తీసినవాడు మంచి డైరెక్టరు అవుతాడు.

పెద్ద కెమెరా కోసం, హైదరాబాద్ పిలుపు కోసం ఆగొద్దు. ‘మర్డర్ బై ద బుక్’ దొరికితే రెండుసార్లు చూడండి. మొదటిసారి కథ కోసం. రెండోసారి కళ్లు మూసుకుని విని, ఏ చప్పుడు ఎక్కడ ఉంచాడో, ఎక్కడ తీసేశాడో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మీ వీధి కథ మొదలుపెట్టండి.