గుంజితే లొంగేది కాదు గుర్రం

గుమ్మలక్ష్మీపురం: ముకుతాడు పట్టి కోడెను దారికి తెచ్చే మన్యం రైతుకు గుర్రం కళ్లెం వేరే విద్య. బండి వెళ్లని గూడేలకు గుర్రాల మీద సరుకులు చేరవేస్తూ వచ్చిన పాడేరు కొండల వారికైతే ఇది కొత్త కాదు.

ముకుతాడు ముక్కు నడిమి పొరను గుచ్చుకుని ఉంటుంది. కళ్లెం ఇనుపకమ్మీ ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ, పళ్లు లేని చోట వట్టి చిగుళ్ల మీద ఆనుతుంది. ఆ చిగురు కింది ఎముక పదునుగా ఉంటుంది. గట్టిగా గుంజితే నొప్పికి తల ఎగరేస్తుంది. రోజూ గుంజితే ఆ చోటు మొద్దుబారిపోతుంది. ఇక ఏటవాలు దారిలో ఆగమన్నా ఆగదు. బరువుతో పాటు మనిషీ లోయలోకే!

అందుకే మొదట కొద్ది రోజులు పగ్గాలు లేకుండా కళ్లెం ఒక్కటే తొడగాలి. చలికాలంలో ఇనుమును అరచేతుల్లో వెచ్చబరచి మరీ పెట్టాలి. నములుతూ, చొంగ కారుస్తూ అదే అలవాటు పడుతుంది. తరువాత పగ్గం మెల్లగా బిగించి, దవడ సడలించి మెడ వంచిన క్షణమే వదలాలి. ఆ వదలడమే దానికి కూలి. ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి తెలియదు.

సుమారు రెండున్నర నుంచి అయిదేళ్ల దాకా గుర్రానికి పాలపళ్లు ఊడుతుంటాయి. ఆ వయసులో కళ్లెం వద్దని మొరాయిస్తే కర్ర తీయకుండా, పశువైద్యునికి నోరు చూపించడం మేలు.