‘రెట్టింపు ముప్పు’ అంటే ఎంత?

ఆఫీసులో ఎవరైనా ‘ఎర్రర్లు 100 శాతం పెరిగాయ్’ అంటే ముందు అడిగేది ఒకటే: నిన్న ఎన్ని, ఇవాళ ఎన్ని? ఒకటి రెండైనా 100 శాతమే కదా! మందుల వార్తలు చదివేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న గుర్తురాదు.

బ్రిటన్‌లో 1995 అక్టోబరులో కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. మీడియా ఆ ‘రెట్టింపు’నే మోగించింది. అసలు లెక్కేంటంటే, దాదాపు 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. అంతే! భయంతో చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. చిత్రమేంటంటే, గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కంటే ఎక్కువ.

మన దగ్గర 2024లో కోవిషీల్డ్ వార్తలప్పుడూ ఇదే తంతు. ‘ఒరేయ్, నేను రెండు డోసులూ వేయించుకున్నా, ఏమైనా అవుతుందా?’ అని మా అక్క ఓ లింకు పంపింది. ఆ సమస్య చాలా అరుదు. వస్తే దాదాపుగా డోసు వేసుకున్న కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. అక్క వేయించుకుని అప్పటికే మూడేళ్లు. లింకు మొత్తం చదివా, ఈ ముక్క ఎక్కడా లేదు.