కారుకూ ఒక మురుగు కాలువ

పిల్లలూ! మన గోదావరి డెల్టాలో వరిచేనుకు రెండు కాలువలు కావాలి. ఒకటి నీరు తెచ్చే పంట కాలువ. రెండోది, ఎక్కువైన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన తరవాత పంట కాలువల్లో నీరు బాగా పారింది. కాని మురుగు కాలువ పూడిపోతే ఎంత మంచి చేనైనా కుళ్ళిపోతుంది.

మోటారు కారు ఇంజనుకూ ఇదే ధర్మం. లోపల గాలీ, పెట్రోలూ కలిసి మండుతాయి. మండగా మిగిలిన వేడిపొగ బయటికి పోతేగాని కొత్తగాలికి చోటుండదు. పెట్రోలు శక్తిలో సుమారు మూడోవంతు ఆ పొగతోనే పోతుంది.

ఈ వృథాను అరికట్టటానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి ఒక ఉపాయం కనిపెట్టి, 1905లో పేటెంటు పొందాడు. పొగదారిలో ఒక చిన్న చక్రం, అదే ఇరుసుకు రెండో కొసన ఇంకొక చక్రం ఉంటాయి. పొగ తోసినప్పుడు మొదటిది తిరుగుతుంది. దానితోపాటు రెండోదీ తిరిగి, బయటిగాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి పెరిగితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఇదే టర్బో. కార్లలో ఈ చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతాయి! బూర ఊది, దాని గాలిని కాగితపు గాలిమర మీదికి వదలండి, సంగతి తెలుస్తుంది.

1962లో మన రైల్వేలకు వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిలు ఇంజనుకు టర్బో ఉంది. కరెంటు ఇంజన్లు రాకముందు ఆ రకం ఇంజన్లు రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటుతూ రైళ్ళను లాగేవి. ఆ 1962లోనే అమెరికాలో టర్బో కార్లు అమ్మకానికి వచ్చాయి.

వేగం మీద సరదా గలవారు టర్బో ఉన్న స్పోర్ట్సు కారుకు కంపెనీ గొట్టం తీసివేసి, వెడల్పు గొట్టం వేయిస్తారు. చక్రం దాటిన పొగకు అడ్డు తగ్గితే చక్రం త్వరగా వేగం అందుకుంటుంది. మురుగు కాలువ బాగుచేస్తే చేను త్వరగా ఆరినట్టే. అయితే మోత పెరిగినంతమాత్రాన బలం పెరగదు. టర్బో లేని మోటారు సైకిలుకు సైలెన్సరు పీకివేస్తే మిగిలేది ముఖ్యంగా చప్పుడే.

పొగదారిలో ఇద్దరు కావలివాళ్ళున్నారు. ఒకటి చప్పుడును అణిచే సైలెన్సరు. రెండోది తేనెపట్టులాంటి గదుల పెట్టె. దానిలో ప్లాటినం, పెల్లేడియం, రోడియం వంటి లోహాల పూత ఉంటుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువును అది చాలావరకు మార్చివేస్తుంది. కొందరు వేగం కోసం ఈ రెంటినీ తీసివేస్తారు. అప్పుడా విషం, ఆ మోత ఎక్కడికి పోతాయి? కాలువగట్టు రోడ్డు పక్కనున్న ఇళ్ళలోకి, బడిలోకి, ఉయ్యాలలోని పసిపాప చెవిలోకి!

చప్పుడూ పొగా హద్దుమీరిన బండిని నడపటం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ ఆ జరిమానాను 10,000 రూపాయల వరకు పెంచింది.

తన చేను ఆరాలని గట్టు తెగ్గొట్టి, పక్కవాడి చేలోకి నీళ్ళు వదిలేవాణ్ణి మన ఊళ్ళలో మంచి రైతు అనరు. కారు నడిపేవాడికీ అదే వర్తిస్తుంది.